అన్ని ఫోన్లకూ ఒకే చీర

ఇంట్లోంచి బయలుదేరిన మనిషి ఏ ఊరి దగ్గర ఆగిపోతాడో చెప్పలేని రోజులవి. ప్రత్యేక తెలంగాణ కోసం ధర్నా చేసేవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండేవాళ్లు. ఆగినవాళ్లకు ఇంత అన్నం పెట్టందే దారి వదిలేవాళ్లు కాదు. బడి గడప తొక్కని నాకు అక్షరాలు అమ్మీ నేర్పింది. కంప్యూటరు మాత్రం కోరుట్లలో మా అబ్బా కుట్టు దుకాణం వెనక గదిలో, కరెంటు ఉన్నంతసేపు నేనే నేర్చుకున్నాను. (ఎంతసేపు ఉండేదో అడగకండి.) ఎడిటర్‌లో కోడ్ ఒక్కసారి రాస్తే చాలు, అదే అన్ని రకాల ఫోన్లలో యాప్‌గా నడుస్తుందని ఎక్కడో చదివి, ఆ మాటను దైవవాక్యంలా నమ్మాను. అల్లా నన్ను క్షమించుగాక.

సిరిసిల్ల చీరల సేటు ఒకాయన, తన చీరలు ఏ ఫోన్లోనైనా కనబడేట్టు చేస్తే పని నాకే ఇస్తానన్నాడు. అబ్బా తేల్చి చెప్పారు: "గీ పని దొరికితె కంప్యూటర్ నీది. దొరకకుంటె కుట్టు మిషన్ కాడ కూసో బేటీ."

స్కూటర్ మీద బయలుదేరాం. జగిత్యాల దాటగానే ధర్నా వాళ్లు ఆపేశారు. పప్పు ఉడికేదాకా ఊరికే కూర్చోవడం దేనికని, యాప్ ఉన్న మెమరీ కార్డు నలుగురి ఫోన్లలో వేసి చూద్దామనుకున్నాను. అన్ని ఫోన్లకూ కలిపి ఒక్కటే కోడ్ అని గొప్పగా చెప్పేసరికి, ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక పెద్దామె కత్తి ఆపింది.

"మేం వేరు జెయ్యుమని ఎండల కూసుంటె, నువ్వేంది బిడ్డ, అన్నిటిని కలుపుతనంటున్నవ్?"

అందరూ నవ్వారు, నవ్వుతూనే ఫోన్లిచ్చారు. దుబాయి నుంచి వచ్చినాయన టచ్ ఫోన్లో చీర చక్కగా వచ్చింది. రెండో ఫోన్లో తెలుగు అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలయ్యాయి. మూడోది ధర్నా నడిపిస్తున్న అన్న ఫోను. అందులో ఎర్రచీర తెరనిండా పరుచుకుని ఇక కదల్లేదు. (వేలితో తోస్తే చీర పోయేట్టు రాశాను. బటన్ల ఫోన్లో వేలితో తోయడం కుదరదని తట్టలేదు.) సరిగ్గా అప్పుడే పక్క ఊరి ధర్నా వాళ్లు ఆయనకు ఫోన్ చేశారు. మోగుతూనే ఉంది, చీర పోదు.

"ఓ చెల్లె, గీ చీర ఎట్ల పోతది?"

"బ్యాటరీ తియ్యాలె అన్నా."

"జెండా వట్టినవ్ గద, చీర గూడ కట్టుకో రాదె!" అని వెనకనుంచి ఎవరో ఆ అన్నను చూసి అరిచారు.

అబ్బా నావైపు చూడకుండా, తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకోవడానికి చెట్టు చాటుకు వెళ్లిపోయారు. ఆ అన్న మాత్రం బ్యాటరీ తీసి పెట్టి, ఫోను మళ్లీ నా చేతికే ఇచ్చాడు. "సేటు ముందట గిట్లయితె పని వోతది. ఇంకోపారి జూడు."

ఆయనకోసం ఇప్పటికీ దువా చేస్తాను.

సాయంత్రానికి సిరిసిల్ల చేరాం. ఏ ఫోన్లో నడిచిందో, ఏ ఫోన్లో చెడిందో రాసుకున్న కాగితాన్ని, పప్పు మరకలతో సహా, సేటు ముందు పెట్టాను. ఆయన నవ్వలేదు.

"మొన్నొకడు అన్నిట్ల నడుస్తదని జెప్పి పోయిండు, నా ఫోన్లనే నడ్వలే. నీకు ఏది నడ్వదో ఎర్కున్నది. నెల దినాలు దీస్కో."

అబ్బా గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

ఆ నెల నాకింకా పూర్తి కాలేదనే చెప్పాలి. కొత్త ఫోన్ వచ్చినప్పుడల్లా కోడ్‌లో ఏదో ఒక మూల చెడుతుంది. నడుం పట్టేస్తుంది, కళ్లు మండుతాయి. పని ఇచ్చిన పైవాడికి శుక్రియా చెప్పుకుని మళ్లీ కూర్చుంటాను. ఆ రోజు పొద్దున స్కూటర్ వెనక కూర్చున్న పిల్లకు మాత్రం వేరే దిగులు: కోడ్ అంతా ఒక్కసారే రాసేశాను కదా, ఇక మిగతా జీవితమంతా ఏం చేస్తూ గడపాలి అని. ఆ దిగులు ఇప్పుడు ఒక్క పూట దొరికినా చాలు.