విదేశీ గుడ్లు, నాంచారమ్మ పెట్ట

పటమటలో మా వీధి తలుపు ఉబ్బి గడపకు పట్టేస్తుంటే నిన్న వడ్రంగిని పిలిపించాను. అతను చిత్రిక పడుతున్నంతసేపూ చెక్కపొట్టు వాసన వరండా అంతా నిండింది. ఆ వాసన తగిలితే నాకు రూతు గారు గుర్తొస్తారు. డెబ్బైల్లో గన్నవరం దగ్గర కోడిపిల్లలను పొదిగించే కేంద్రానికి ఆవిడ మేనేజరు, పశువైద్యం చదివిన మనిషి. నేను ఆవిడ దగ్గర టైపిస్టును.

మంచి జాతి పెట్టల కోసం విదేశం నుంచి గుడ్లు తెప్పించడానికి అనుమతి కోరుతూ ఎన్ని ఉత్తరాలు టైపు చేశానో. ఆ గుడ్లు పెట్టిన మందలో తెగుళ్ళు లేవని అక్కడి ప్రభుత్వ వైద్యుడు సంతకం చెయ్యాలి. ఇక్కడ వాటిని విడిగా ఒక షెడ్డులో పొదిగించాలి. పరీక్షలు పూర్తయ్యేదాకా పిల్లలు బయటికి రాకూడదు. గుడ్లతో వచ్చిన అట్టలు, చెక్కపొట్టు అదే రోజు కాల్చెయ్యాలి. అన్నిటిలోకీ ఈ చివరిదే తేలిక అనుకున్నాను.

గుడ్లు మద్రాసులో విమానం దిగి, మా వ్యానులో మంగళవారం వచ్చాయి. బుధవారం అనేవాళ్ళున్నారు, అది తప్పు. పొట్టు కాల్చే పని షెడ్డు ఊడ్చే నాంచారమ్మది. మర్నాడు పొద్దున రూతు గారు గోతిలో బూడిదను కర్రతో కదిపి చూశారు.

"అన్ని పెట్టెల పొట్టుకి ఇంతేనా బూడిద, నాంచారమ్మా?"

"బంగారం లాంటి పొట్టమ్మా, అగ్గెట్టడానికి చేతులు రాలా. మా పెట్ట పొదుగుకొచ్చింది. గంపలో దోసెడు పరిచా. ఉరుములకి గుడ్లు చెడకుండా ఇనప ముక్క కూడా ఏశా."

"ఎన్ని గుడ్లు?"

"తొమ్మిదమ్మా. సరి లెక్క పెట్టకూడదుగా."

రూతు గారు కర్ర పక్కన పెట్టి ఆఫీసులోకి వచ్చి ఫోను అందుకున్నారు. తనిఖీ అధికారి ఒక్క మాట రాస్తే ఆ విదేశీ గుడ్లన్నీ పూడ్చిపెట్టాల్సిందే. మళ్ళీ అనుమతి రాదు, మా కేంద్రం నిలవదు.

"చెప్పక తప్పదా అండీ?" అన్నాను.

"ఆ రూలు మన గుడ్ల కోసం పెట్టలేదమ్మా. ఈ ఊళ్ళో గంపల కింద ఉన్న కోళ్ళ కోసం పెట్టారు. తెగులొస్తే మన కేంద్రం ఒక్కటే పోతుందా?" అంటూ నంబరు తిప్పారు.

అధికారి మధ్యాహ్నం జీపులో వచ్చాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదండీ," అన్నాడు.

"అందుకేనండీ చెప్పింది."

ఆయన గంపలోని పొట్టు తన కళ్ళెదుటే కాల్పించాడు. పెట్టనీ తొమ్మిది గుడ్లనీ మా షెడ్డులోనే ఓ మూల గదిలో ఉంచమన్నాడు. నాంచారమ్మ వీధిలో కోళ్ళకు రక్తపరీక్షలు రాశాడు. వాటిలో ఒక్కదానికి తెగులు కనిపించినా మా గుడ్లు గోతిలోకే.

"నా పెట్టని కోసేత్తారామ్మా?" అని నాంచారమ్మ ఏడ్చింది.

"కొయ్యరు. జైల్లో పెడతారు. నువ్వే కాపలా," అన్నారు రూతు గారు. ఆ సాయంత్రమే తన పెరట్లో కోళ్ళను అక్కగారింటికి పంపేశారు. షెడ్డులో తిరిగే మనిషి ఇంట్లో కోళ్ళు ఉండకూడదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

కంచె అవతల నుంచి నాంచారమ్మ తోటికోడలు రోజూ అడిగేది: "ఏమే, మీ పెట్ట ఫారినెళ్ళిందంటగా?"

"ఎళ్ళింది. తిరిగి రావడానికి పాసుపోర్టు రావాల."

పరీక్షల్లో ఏ తెగులూ లేదని తేలిన రోజు రూతు గారు ఆ కాగితాన్ని నాంచారమ్మకు వినబడేలా చదివారు. అప్పటికి విదేశీ గుడ్లు పిల్లలయ్యాయి. నాంచారమ్మ పెట్ట కింద తొమ్మిదిలో ఎనిమిది లేచాయి, ఒకటి మురిగింది. షెడ్డులో ఉంచాల్సిన గడువు తీరాక నాంచారమ్మ పెట్టా పిల్లలూ ఉన్న గంపను నెత్తిన పెట్టుకుని, కావాలనే తోటికోడలి గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్ళింది. రూతు గారు గట్టిగా నవ్వడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

నిన్న పని ముగించి వడ్రంగి పొట్టును గోనెసంచిలోకి ఎత్తుతూ, "పారేసేదేగా అమ్మగారూ, మా కోళ్ళ గంపలోకి పట్టుకెళ్తా," అన్నాడు.

"ఉండు. ఈ తలుపు ఎక్కడి చెక్క?"

అతను నన్ను వింతగా చూశాడు. "మీ ఇంటిదేనండీ. మన బెజవాడ కలప అడితీలో కొన్న టేకు."

"అయితే పట్టుకెళ్ళు," అని, పెట్టెలో వెతికి ఓ పాత ఇనప మేకు కూడా ఇచ్చి పంపాను.