అరువు శోకం

శైలీశాస్త్రంలో నాకు డాక్టరేటు ఉంది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు నోరు రావడం లేదు.

మాది మైదుకూరు దగ్గర పల్లె. మా ఊళ్లో చావు జరిగితే ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తారు. ఏడుస్తూ చచ్చిపోయిన మనిషిని తిడతారు. పొగడ్తతో ఎత్తుకోకూడదు. బతికుండగా ఆ మనిషితో పడ్డ తగాదా ఏదో ఒకటి ఉంటుంది కదా, దాంతోనే మొదలుపెట్టాలి. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ ఎత్తుకున్న మొదటి మాట ఇది: “మాత్తర్లు మింగమంటే దిండు కింద దాచిపెడితివే సామీ, ఇంక నేను ఎవురితో కొట్లాడాల?” దూరం నుంచి వచ్చిన చుట్టాలు శవం ముందు ఈ జగడమేమిటని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా ఊరి ఆడవాళ్లు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.

ఇంకో కట్టుబాటు ఉంది. ఒకరి మాట ఇంకొకరు వాడకూడదు. ఎవరి తగాదా వాళ్లది, ఎవరి మాట వాళ్లది. వేరే చావులో విన్నది తెచ్చి తనవాళ్ల ముందు పెడితే దాన్ని అరువు శోకం అంటారు. అంతకంటే తలవంపు లేదు. మా అమ్మ అలాంటివి ఇట్టే పట్టేసేది. చావింటి నుంచి వచ్చి, నీళ్లు పోసుకుని, తల తుడుచుకుంటూనే మొదలుపెట్టేది. “ఆ యమ్మ మొగునికి ఏడ్చిందా, వాళ్లత్త మాటలు అప్పజెప్పిందా? సచ్చినాయప్ప వింటాంటే నవ్వుకోనుంటాడు.”

పరిశోధనకు నేను ఈ శోకాలనే తీసుకున్నాను. మా గైడు మహా సంబరపడిపోయాడు. సంబోధన, ప్రశ్న, ఆవృత్తి అంటూ నాచేత గళ్లు గీయించి, ఏడుపునంతా ఆ గళ్లలో సర్దించాడు. చావు లేని ఇంట్లో శోకం ఎత్తడం అరిష్టం కాబట్టి ఎవరినీ కూర్చోబెట్టి పాడించుకోవడానికి లేదు. ఎవరు పోతారా అని కబురు కోసం చూడాలి. కబురు రాగానే ఫోను పట్టుకుని పరిగెత్తాలి. రాయచోటి దాకా వెళ్లిన రోజులున్నాయి. “సావుల ఎంట తిరిగే చదువు యాడన్నా ఉంటాదా?” అని అమ్మ తలకొట్టుకునేది. రికార్డు చేసినవి రాసుకోవడానికి మళ్లీ మళ్లీ వినేదాన్ని. వినీ వినీ ఆ గొంతులన్నీ నాలోనే కాపురం పెట్టాయి.

డాక్టరేటు వచ్చింది, కర్నూల్లో కాలేజీ ఉద్యోగం వచ్చింది. అమ్మ నాతోనే ఉండేది. ఈలోగా ఊళ్లో ఫ్రీజరు పెట్టెలు, వాటి పక్కన స్పీకర్లు దిగాయి. స్పీకరు చావు పాట పాడుతుంటే ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. అదంతా చూసి వచ్చినప్పుడల్లా అమ్మ ఒకటే చెప్పేది. “నాకు మాత్రం ఆ పాట పెట్టొద్దు మే. నువ్వే నోరారా తిట్టాల. సొంత మాటతో తిట్టాల.” నీతో తగాదాలకు కరువా అని నవ్వేదాన్ని.

పోయిన ఎండాకాలం అమ్మ పోయింది. ఊరికి తీసుకువెళ్లాం. మేం చేరేసరికే స్పీకరు మోగుతోంది. ఆపించాను. అందరూ నావైపే చూశారు.

“ఎత్తుకో పాపా, నీకంటే తెలిసినోళ్లు ఈ సుట్టుపక్కల యాడుండారు?” అంది మా చిన్నమ్మ.

నోరు తెరిచాను. “వాకిలి తెరిచిపెట్టి యాడికి పోతాండావే తల్లీ, కుక్క దూరితే ఎవురు అదిలిస్తారే తల్లీ” అని వచ్చింది. రాగం కుదిరింది. ఊపిరి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. కుర్చీల్లో ఉన్నవాళ్లు కిందికి దిగి నా చుట్టూ కూర్చుని బావురుమన్నారు. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. అవి వస్తున్నంతసేపూ ఏది ఏ ఊరిదో, ఎవరి నోటిదో నాకు తెలుస్తూనే ఉంది. వాకిలి మాట ఒక కోడలు తన అత్త కోసం ఏడ్చినది, నా సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయంలో ఉంది. ఆపుదామంటే నా మాట ఒక్కటీ నోటికి రాలేదు. శవం లేచేదాకా అలాగే ఏడ్చాను.

మట్టి చేసి అందరూ తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటున్నప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మ ఏనాడూ వాకిలి తెరిచిపెట్టలేదు. కర్నూలు ఇంట్లో నేను చెత్త పారేసి రావడానికి కిందికి దిగినా సరే, వెనకాలే గడియ బిగించేది. మెట్ల మీద నిలబడి తలుపు బాదేదాన్ని. “దొంగలు నీకోసరమే కాసుకోని ఉండారా?” అని నేను, “ఉంటే?” అని లోపలినుంచి తను. రోజూ ఇదే గొడవ. ఆ ఒక్క మాటతో ఎత్తుకుని ఉంటే చాలు. శవం లేచాక మా ఊళ్లో ఇక శోకం పెట్టరు. అమ్మ కోసం నేను ఏడవనే లేదు, ఇక ఏడవడానికీ లేదు.

చిన్నమ్మ వచ్చి నా చేతులు పట్టుకుంది. ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“అచ్చం మీయమ్మ మాదిరే ఏడ్చినావు. నా సావుకు గూడా నువ్వే రావాల పాపా.”

వస్తానన్నాను.