దోసిలి పట్టని అక్క

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిన సంగతి మాకు పంచాంగం చెప్పేది కాదు. కొల్లిపర నుంచి మా నాయనమ్మ పుట్టింటివాళ్ళ బండి నిమ్మకాయల గోతాలతో వచ్చి వాకిట్లో ఆగిందంటే అదే ఎండాకాలం. మాది వేమూరు దాటాక రోడ్డు పక్కనే ఉన్న పల్లెటూరు. అటు తెనాలి, ఇటు రేపల్లె. రెండువైపులకీ వెళ్ళే బస్సులు మా ఇంటి ముందే ఆగేవి. కాలవలు కట్టేసి, చేలు నెర్రెలిచ్చి, రోడ్డు మీది తారు చెప్పులకి అంటుకునే రోజుల్లో, బస్సు కోసం నిలబడ్డవాళ్ళకని నాయనమ్మ వాకిట్లో తాటాకు పందిరి వేయించి నిమ్మ షర్బతు పోయించేది. తాతయ్య పోయిన ఏడు ఆయన పేరు మీద మొదలుపెట్టిందట. నాకు ఊహ తెలిసేసరికే మా ఇంటిని అందరూ షర్బతు ఇల్లు అనేవారు.

ఆ షర్బతు చెయ్యడంలో ఆవిడ మాట అంటే మాటే. కాయని బండ మీద పెట్టి అరచేత్తో దొర్లించి మెత్తబరచాలి. అడ్డంగానే కొయ్యాలి. పిండేటప్పుడు చివరిదాకా పిండకూడదు, చివరి చుక్కలో తొక్క చేదు దిగుతుందనేది. పంచదార పాకం పూర్తిగా చల్లారాకే రసం కలపాలి. తొందరపడి వేడిలో పోశామా, ఆ కుండంతా మందులా తయారయ్యేది, దాన్ని చెట్లకి కూడా పొయ్యనిచ్చేది కాదు. చీరాల పల్చటి బట్టలో వడకట్టి, చిటికెడు ఉప్పు, దంచిన ఏలక్కాయ, నానిన సబ్జా గింజలు వేసి, తడి ఇసుకలో దించిన కొత్త కుండల్లో నింపి, చుట్టూ తడి గోనెపట్టా కట్టేది. ఎప్పుడన్నా రేపల్లె బస్సులో ఊకలో చుట్టిన ఐసుగడ్డ వచ్చిందంటే ఆ రోజు మా పిల్లలకి పండగే. రోకలితో చితక్కొట్టి కుండలో వేస్తే, గ్లాసు పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోయేవి.

పోసే పని నాది. నేనప్పుడు మూడో తరగతి. పందిరి కింద బల్ల మీద కంచు గ్లాసులు బోర్లించి ఉండేవి. బల్ల పక్కన, పొడుగాటి వెదురుకాడకి కొబ్బరిచిప్ప బిగించిన గరిటె ఒకటి వేలాడుతూ ఉండేది. గ్లాసులు ఊళ్ళోవాళ్ళకి. గరిటె కాలవ అవతల పల్లెవాళ్ళకి. వాళ్ళని అంటరానివాళ్ళంటూ ఊరు దూరంగా పెట్టిన రోజులవి. వాళ్ళు పందిరి బయట వంగి దోసిలి పడితే, నేను దూరంనుంచే గరిటెతో పొయ్యాలి. సగం వేళ్ళ సందుల్లోంచి కారిపోయేది. మోచేతులదాకా జిగురు, దాని మీద ఈగలు. అది నాకు వింతగా తోచేది కాదు. గుడిలో తీర్థం పట్టడం ఒక పద్ధతైతే ఇదొక పద్ధతి అనుకునేదాన్ని. నాకెవరూ వేరే చెప్పలేదు. నాయనమ్మ కూడా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం తెల్లచీర కట్టుకుని, చేతిలో రేకుపెట్టెతో ఒక అక్క వచ్చి పందిరి నీడన నిలబడింది. తెనాలి బస్సెక్కి అక్కడ రైలందుకుని బాపట్ల వెళ్ళాలట, టీచరు ట్రైనింగు పరీక్షలట. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చదువుకున్న మనిషి కదాని నేను గ్లాసు నిండా పోసి ఇచ్చాను. సగం తాగింది. అంతలో అరుగు మీద పొగాకు నలుపుతున్న ఒకాయన, నువ్వు పల్లెలో ఫలానావాళ్ళ పిల్లవి కదూ అన్నాడు. అక్క అవునండి అంది, దాచలేదు, తల దించలేదు.

మా పెదనాన్న అరుగు దిగి వచ్చాడు. నాన్నకి అన్నగారు, ఇంటికి పెద్ద దిక్కు. చెడ్డవాడు కాదు. పల్లెలో ఎవరికి జ్వరమొచ్చినా బండి కట్టించి తెనాలి పంపేవాడు. కానీ పద్ధతి పద్ధతే అనేవాడు. ఆ గ్లాసు కింద పెట్టు, కావలిస్తే దోసిలి పట్టు, పిల్ల పోస్తుంది అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. అక్క గ్లాసు బల్ల మీద పెట్టేసి, దాహం తీరిందండి అంది. పెట్టె తీసుకుని నీడలోంచి బయటికి నడిచి, బస్సు వచ్చేదాకా ఎండలోనే నిలబడింది. పెదనాన్న ఆ గ్లాసుని పిడకల నిప్పులో వేయించాడు, శుద్ధి చెయ్యడానికి.

నాయనమ్మ వంటింట్లో కాయలు కోస్తోంది. నేను పరిగెత్తి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది.

"మిగతా సగం తాగిందా?"

"లేదు నాయనమ్మా."

ఆవిడ కత్తిపీట పక్కకి నెట్టేసింది. ఎండలో దాహానికి వచ్చిన మనిషిని దాహంతో పంపడం ఆవిడ ఎరగదు. సాయంత్రం కంచు గ్లాసులన్నీ తోమించి అటక ఎక్కించేసింది.

మర్నాడు బల్ల ఖాళీ. గరిటె మాత్రం ఉంది. తెనాలి వెళ్ళే రైతులు, ఇస్త్రీ చొక్కాలు, జరీ కండువాలు వచ్చి, గ్లాసులేవమ్మాయ్ అని నన్నడిగారు. నాయనమ్మే బయటికి వచ్చి గరిటె అందుకుంది. ఇవాళ్టినుంచి నా పందిట్లో అందరిదీ దోసిలే, ఇష్టమైతే పట్టండి, లేకపోతే వేమూరులో సోడా దొరుకుతుంది అంది. పొగాకాయన నవ్వి, "ఏంటి పిన్నీ, గ్లాసులు పెళ్ళికి ఎరువిచ్చావా?" అన్నాడు.

"మైల పడ్డాయంటగా నాయనా. ఏ గ్లాసు ఏ మూతికి తగిలిందో నాకేం తెలుసు? చెయ్యి పట్టు, చెయ్యి నీదే."

రోహిణి కార్తె ఎండ ముందు మర్యాద ఎంతసేపు నిలుస్తుంది? పొగాకాయనే ముందు వంగాడు. ఆయన ముంజేతి మీదుగా షర్బతు కారి కొత్త చొక్కా తడిసింది. బస్సులో చీమలు పడతాయి బాబాయ్ అని ఎవరో ఏడిపించారు. పల్లెవాళ్ళు కూడా అదే వరసలో వచ్చి, అదే గరిటెతో పోయించుకున్నారు. నాకైతే భలే సరదాగా ఉంది. నాయనమ్మ గెలిచిందనుకున్నాను. ఆవిడా అలాగే అనుకుంది, ఆ వారమంతా నడకలోనే తెలిసింది.

పెదనాన్నకి తల కొట్టేసినట్టయింది. పెద్దమనుషులందరిచేతా దోసిలి పట్టిస్తావా, ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా, గ్లాసులు దింపు, లేదంటే పందిరి పీకిస్తా అన్నాడు. పందిరి మీ నాన్నది, ఆయన్నడిగి పీకు అంది నాయనమ్మ. అది చేతకాక ఆయన పంచదార గది తాళంచెవి మొలకి కట్టుకున్నాడు. పంచదార లేందే షర్బతేంటి, ఇక పందిరి దానంతటదే ఆగుతుంది అనుకున్నాడు కాబోలు. నాయనమ్మ తాడిచెట్లు గీసేవాళ్ళ దగ్గర తాటిబెల్లం తెప్పించింది. దాన్ని కరిగించి, కాచి, చల్లార్చి నిమ్మరసం కలిపితే షర్బతు వరదొచ్చిన కాలవనీళ్ళ రంగుకి తిరిగింది. చూట్టానికి బాగోదు గాని, ఆ పులుపుకి ఆ తీపి, వెనకాల కాస్త పొగవాసన, అబ్బో. రేపల్లె బస్సు డ్రైవరు దానికోసం బండి ఆపి మరీ దిగేవాడు. దిగి, వంగి, దోసిలి పట్టేవాడు.

పరీక్షలైపోయి ఆ అక్క ఒకరోజు తెనాలి బస్సు దిగింది. పందిట్లో జనం ఉన్నారు, అరుగు మీద పెదనాన్న ఉన్నాడు. అక్క మా వైపు చూడకుండా కాలవ దారి పట్టబోయింది. నాయనమ్మ గబగబా పందిరి అంచుదాకా వెళ్ళి పిలిచింది. ఆ రోజు నీకు అన్యాయం జరిగిందమ్మాయ్, చూడు ఇప్పుడు అందరికీ ఒకటే పద్ధతి పెట్టాను, వీళ్ళంతా దోసిలే పడుతున్నారు, రా, వచ్చి తాగు అంది. ఆవిడ మొహంలో ఎంత సంతోషమో. బిడ్డకి దాచిన పిండివంట చూపించే తల్లిలా ఉంది. గరిటె నింపి పట్టుకుంది.

అక్క దగ్గరికి వచ్చింది. పందిట్లోకే వచ్చింది. పెట్టె కింద పెట్టింది గాని చేతులు చాచలేదు.

"మామ్మగారూ, వీళ్ళకి ఇది నాలుగు రోజుల సరదా. ఎండలు పోతే వీళ్ళ గ్లాసులు వీళ్ళకొచ్చేస్తాయి. నేను పుట్టినకాణ్ణించీ దోసిలే పట్టానండి. ఇంక పట్టను. ఊరంతా పట్టినా నేను పట్టను."

నాయనమ్మని అలా మొహం మీద కాదన్నవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. గరిటె చేతిలో అలాగే ఉంది, చిప్ప అంచునుంచి చుక్కలు చుక్కలుగా షర్బతు నేలమీద పడుతోంది. పొగాకాయన, చూశావా పిన్నీ, మంచికి పోతే ఇదే మరి అని గొణిగాడు. నువ్వాగరా అని ఆయన్ని కసిరి, నాయనమ్మ గరిటె నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. అటకకి నిచ్చెన వేసిన చప్పుడు మా అందరికీ వినిపించింది. ఆ వయసులో ఆవిడే ఎక్కింది, ఎవర్నీ పిలవలేదు.

ఒక కంచు గ్లాసు కడిగి తెచ్చి, కుండలోంచి తనే ముంచి, నిండా నింపి, అక్క చేతిలో పెట్టింది. దూరంనుంచి కాదు, బల్ల మీద కాదు, చేతిలో పెట్టింది. వేళ్ళూ వేళ్ళూ తగిలాయి. అక్క నింపాదిగా, చివరిదాకా తాగింది. ఖాళీ గ్లాసు తిరిగిచ్చింది. నాయనమ్మ దాన్ని తొలవలేదు, నీళ్ళు కూడా చల్లలేదు. అదే గ్లాసు మళ్ళీ కుండలో ముంచి, అందరూ చూస్తుండగా తనూ తాగింది.

"అమ్మా" అన్నాడు పెదనాన్న, అరుగు మీంచి లేచి.

"ఏంట్రా? నాకూ దాహమేసింది."

అక్క ఒక్క క్షణం ఆవిడకేసి చూసి, వెళ్ళొస్తాను మామ్మగారూ అని పెట్టె తీసుకుంది. మంచిది తల్లీ, టీచరమ్మవి అవ్వు అంది నాయనమ్మ. అవుతానండి అని కాలవ దారిన వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచీ గ్లాసులన్నీ బల్ల మీదికి వచ్చాయి. గరిటె కాడని నాయనమ్మ పొయ్యిలో పెట్టేసింది. ఊరేమీ రాత్రికి రాత్రే మారిపోలేదు. సగంమంది మా పందిరి కింద నిలబడడం మానేశారు. కొందరు ఇంటినుంచి చెంబులు తెచ్చుకుని, కాస్త సిగ్గుపడుతూనే పోయించుకున్నారు. మా మేనత్త అత్తగారు మా ఇంట మంచినీళ్ళు కూడా ముట్టనంది. పెదనాన్న ఆ ఎండాకాలమంతా నాయనమ్మతో మాట్లాడలేదు, తాళంచెవి మాత్రం ఒక పొద్దున దేవుడి గూట్లో పెట్టి పొలం వెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని తాకలేదు. తాటిబెల్లమే బాగుంది అంది.

తరవాత ఒకసారి కాయలు దొర్లిస్తూ ఆవిడ నాతో అంది. అందర్నీ వంచితే సమం అవుతుందనుకున్నానే, వంగున్నవాళ్ళు లేచి నిలబడాలని తట్టలేదు, ఆ పిల్ల చెప్పాలా నాకు అని. ఎవరి ముందూ తల వంచని ఆవిడ ఆ మాట ఏ చిన్నతనమూ లేకుండా చెప్పింది. తను చేసింది తప్పని తెలిస్తే దాన్ని కూడా ధిక్కరించవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నా చదువు అయిదో తరగతితో ఆగింది. ఆ అక్క రేపల్లె వైపు ఏదో ఊళ్ళో టీచరైందని విన్నాను. మళ్ళీ చూడలేదు. కానీ ఆ అక్క దగ్గర నేను చదువుకున్నట్టే లెక్క. ఇప్పుడు నాకు మనవలున్నారు, మా వాళ్ళ ఇళ్ళల్లో ఫ్రిజ్‌లున్నాయి, సీసాల్లో కొనుక్కొచ్చిన షర్బతులున్నాయి. అందరూ చదువుకున్నవాళ్ళే. అయినా చాలా వంటిళ్ళల్లో సింకు పక్కన ఒక గ్లాసు విడిగా బోర్లించి కనిపిస్తుంది. పనమ్మాయిదిలే అత్తయ్యా అంటారు, చాలా మామూలుగా, మా పెదనాన్నలాగే గొంతు పెంచకుండా. ఎవరింటికి వెళ్ళినా, దాహం ఉన్నా లేకపోయినా, నాకు ఆ గ్లాసులోనే మంచినీళ్ళు ఇమ్మని అడుగుతాను. ఇచ్చేదాకా కూర్చుంటాను.