మేకులు కొట్టిన పలక

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, కొన్నాళ్ళు నాకు ఏడుపన్నదే రాలేదు. బందరు దగ్గర సముద్రపొడ్డు పల్లె మాది. గాలివాన వచ్చిన రోజు చేపల వేటకెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. మూడో రోజు ఆయన తెప్ప ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది, ఒక పక్క కట్టు ఊడిపోయి. అందరూ ఏడ్చారు. నేను మాత్రం పెడితే తిన్నాను, కూర్చోమంటే కూర్చున్నాను. "ఏం పిల్లమ్మా, ఒక్క చుక్క రాల్చలేదు" అని ఆడవాళ్ళు నా ముందే అనుకున్నారు. అమ్మకి తన ఏడుపు కంటే నా పొడి కళ్ళే పెద్ద భయమైపోయాయి. ఆమె మీద నాకు జాలి కూడా కలగలేదు, ఉన్న మాట చెబుతున్నాను.

నాన్న నాకు పొట్టపలక చేసిస్తానన్నాడు. పాత తెప్ప దుంగలోంచి చీల్చిన రెండు పలకలు పక్కపక్కన పెట్టి కడితే, దాని మీద బోర్లా పడుకుని కెరటంతో పాటు ఒడ్డుకు జారిపోవచ్చు. మా పల్లె పిల్లలందరికీ అదే ఆట. ఆ పలకలు రెండూ నున్నగా చెక్కి చూరు కింద పెట్టి, వచ్చాక కడతానని వెళ్ళాడు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం వాటిని దించాను. మా వాళ్ళ తెప్పల్లో ఒక్క మేకు కనపడదు, అన్నీ తాడు కట్లే. నాకేమో నాన్న తెప్ప చూసిన దగ్గర్నుంచీ తాడంటే నమ్మకం పోయింది. పక్క వీధిలో ఇల్లు కడుతున్న చోట మేకులు ఏరుకొచ్చి, పలకల మీద అడ్డంగా రెండు చెక్కముక్కలు వేసి కొట్టాను. సుత్తి బొటనవేలి మీద పడి గోరు నల్లబడింది. నొప్పి తెలియలేదు. ఎవరి వేలో చూసినట్టు చూసి, మళ్ళీ కొట్టాను.

అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య, అరుగు మీద వల బాగుచేస్తూ అంతా చూశాడు. నేను పలకెత్తుకుని సముద్రం కేసి నడిస్తే, పంచె ఎగ్గట్టి నా వెనకే వచ్చి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. రెండో కెరటానికే మేకుల దగ్గర ఒక పలక నిలువునా చీలింది. నేను ఇసకలో బోర్లా పడ్డాను, నోటి నిండా ఉప్పునీళ్ళు. విరుగుతుందని తెలిసీ పంపాడని ఆ ముసలాయన మీద పెద్దయ్యాక ఎంత కోపం వచ్చిందో! ఆ రోజు అది కూడా రాలేదు.

తాతయ్య ముక్కలు ఏరుకొచ్చి మేకులు పీకాడు. రెండు పలకలు మూడయ్యాయి. బరమాతో బెజ్జాలు వేసి, మూడింటినీ అడ్డచెక్కలకి కొబ్బరి తాడుతో కట్టసాగాడు.

"మేకు కదలనివ్వదే తల్లీ. కెరటం వచ్చినప్పుడు కదలకపోతే చెక్క చీలిపోద్ది. తాడైతే కాస్త ఆడనిద్ది. ఆ గాలికి మీ నాన్న తెప్ప ఒడ్డుకొచ్చిందంటే తాడు వల్లే."

"నాన్న రాలేదుగా" అన్నాను.

తాతయ్య చేతులు ఆగిపోయాయి. "రాలేదమ్మా. ఇక రాడు" అన్నాడు. మళ్ళీ ముడి వేశాడు. దేవుడి దగ్గరున్నాడని కొందరు, ఏ ఒడ్డునో ఉండి ఉంటాడని కొందరు అన్నవాళ్ళే. రాడని నాతో చెప్పింది ఆయనొక్కడే.

ఆ పలక మీద మళ్ళీ పడుకున్నాను. కెరటం లేపింది. పొట్ట కింద మూడు ముక్కలూ ఒకదానికొకటి రాసుకుంటూ కిర్రుమన్నాయి గానీ విడిపోలేదు. ఒడ్డు దాకా వెళ్ళి ఆగాను. అప్పుడు బొటనవేలు భగ్గుమంది. "తాతయ్యా, వేలు మండుతోంది" అని ఏడుపు లంకించుకున్నాను. వేలి కోసమే అనుకున్నాను. పొద్దు వాలేదాకా ఆగలేదు. తాతయ్య ఊరుకోమనలేదు. అమ్మ పరుగెత్తుకొచ్చి "ఏడ్చిందా నాన్నా, పిల్ల ఏడ్చిందా?" అంటూ నన్ను పట్టుకుని ఇసకలో కూలబడింది.

ఇప్పుడు గుడివాడలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా ఆయన పోయి మూడు నెలలైంది. నాకు ఏడుపు రాలేదు. టీవీ చూస్తున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను. కోడలు నా ముఖం కేసి అదోలా చూస్తోంది, కొడుకు డాక్టరుకి చూపిద్దామంటున్నాడు. ఆనాడు మా అమ్మకున్న భయమే వాళ్ళకీ పట్టుకుంది. నేనేం కంగారు పడడం లేదు. ఈ మొద్దుబారడం నేనెరిగిందే. బొటనవేలి గోరు అప్పట్నుంచీ వంకరగానే పెరుగుతోంది, దాన్ని చూసుకుంటూ కూర్చుంటాను. ఆయన ఇక రారని నా ముందు ఎవరూ అనడం లేదు. నిన్న నేనే పైకి అనుకున్నాను.

ఆదివారం బందరు సముద్రానికి తీసుకెళ్ళమని కొడుకుని అడిగాను. "ఈ వయసులో సముద్రమేంటమ్మా?" అన్నాడు.

మోకాలి లోతు చాలురా అన్నాను.