ఒక్క చూపులో తెలియాలి

అరకులోయ దగ్గరి ఆసుపత్రిలో పనిచేసిన మా డాక్టరమ్మ పోయారన్న కబురు నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. గుండెపోటట. కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. వాటి కింద మా మేనేజరు సందేశం: ఆవిడ ఫొటో ఉంటే మన సాఫ్ట్‌వేర్ బ్రోషర్ మీద వేద్దాం, నివాళిగా బాగుంటుంది. చదవగానే రోత పుట్టింది. అంతకంటే ఎక్కువ రోత నా మీద నాకే కలిగింది. ఎందుకో మీకు మొదటినుంచీ చెప్పాలి.

నేను విశాఖలో ఆసుపత్రులకి స్క్రీన్లు డిజైన్ చేస్తాను. వార్డులో ఎవరికి బీపీ ఎంత, ఆక్సిజన్ ఎంత అన్నది డాక్టర్లు కంప్యూటర్లో చూసుకునేవి. మా మొదటి స్క్రీన్ ఆవిడ ఆసుపత్రిలోనే పెట్టాం. లేత నీలం రంగు, కదిలే గీతలు. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఉండుండి పైకి వచ్చి, "మా సాఫ్ట్‌వేర్ ఎలా ఉంది? ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని అడిగే బాక్సు కూడా నేనే గీశాను.

రెండో వారంలో, కాన్పుకొచ్చిన ఒక కొండ ఊరి మనిషికి బీపీ పెరిగిపోయింది. స్క్రీన్ మీద అంకె ఎర్రబడింది. సరిగ్గా దాని మీదే నా స్టార్లు వచ్చి కూర్చున్నాయి. డ్యూటీ నర్సు దూరం నుంచి చూసి, ఎరుపేమీ కనబడక, పక్క మంచం దగ్గరికి వెళ్లింది. ఈలోగా ఆ మనిషికి ఫిట్స్ వచ్చాయి. డాక్టరమ్మ పరుగున వచ్చి తల్లిని దక్కించారు. బిడ్డ దక్కలేదు.

మర్నాడు నన్ను పిలిపించారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. తన స్టూలు మీద కూర్చోబెట్టి, నాలుగో మంచం ముసలాయన ఆక్సిజన్ ఎంతో చూసి చెప్పమన్నారు. గీసినవాణ్ణి నేనే. ఎక్కడెక్కడో నొక్కి వెతికితే గాని నాకే దొరకలేదు.

"ఒక్క సూపులో తెలవాల బాబూ. రెండో సూపు మంచం మీద మడిసిది," అన్నారు.

ఆవిడ ఆ కొండల్లోనే పుట్టి, మిషన్ బడిలో చదువుకుని డాక్టరయ్యారు. రోగులతో ఎలా మాట్లాడేవారో నాతోనూ అలాగే. మూడు వారాలు ఆవిడ వెనకే తిరిగాను. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని చకచకా నడిచేవారు. కోటు జేబులో వేయించిన పల్లీలు ఉండేవి. నా చేతిలో నాలుగు పోసి, ఏం మార్చావో చూపించమనేవారు. స్క్రీన్ మీద ఏది చూసినా ఒకటే ప్రశ్న: "దీనికేటి పని?" జవాబు తోచకపోతే తీసేసేవాణ్ణి. చివరికి మిగిలినవి మంచం నంబరు, పేరు, మూడు పెద్ద అంకెలు. బాగాలేనివాళ్లు అందరికంటే పైన. నర్సు గుమ్మంలోంచే అన్నీ చదివేసిన రోజు డాక్టరమ్మ నవ్వారు. నా జీవితంలో చేసిన మంచి పని ఆ అందంలేని స్క్రీన్ ఒక్కటే.

కొన్ని నెలలకి కొత్త వెర్షన్‌లో స్టార్లు మళ్లీ కావాలన్నారు మేనేజరు. అవి లేకపోతే మన పని బాగుందని పైవాళ్లకి ఎలా చూపిస్తామన్నారు. బిడ్డ సంగతి చెప్పాను. మొహం బాధగా పెట్టి విన్నారు. విని, ఈసారి ఓ మూలన పెడదామన్నారు. నేను మూలన పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం కూడా కాదు. వాదించడానికి బద్ధకించాను, అంతే.

డాక్టరమ్మ ఫోన్ చేశారు. "మళ్లీ ఎట్టీసినావేటి?"

మేనేజరు పెట్టమన్నారని చెప్పాను. ఆవిడ, అన్నం తిన్నానో లేదో అడిగి ఫోన్ పెట్టేశారు. తిట్టి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదు.

కబురు తెలిసిన రోజే ఆ బాక్సు పూర్తిగా తీసేశాను. బ్రోషర్ మీద ఆవిడ ఫొటో వేస్తే నేను ఉద్యోగంలో ఉండనని మేనేజరుకి రాశాను. ఫొటో వేయలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆవిడ ఉండగా చేయాల్సిన పని అది.

మర్నాడు అంత్యక్రియలకి జీపులో డాక్టరమ్మ ఊరు బయల్దేరాను. ఊళ్లోకి జీపు వెళ్లదు. కాఫీ తోటల మధ్య కాలిబాట మీద శవపేటికను భుజాల మీద మోసుకెళ్లారు. తొలి వానకి విచ్చుకున్న కాఫీ పూత రెండు పక్కలా తెల్లగా ఉంది. ప్రతి ఇంటి ముందూ మోసేవాళ్లు ఆగారు. లోపలి నుంచి మనుషులు బయటికి వచ్చి, ఒక్కొక్కరూ చెయ్యి చాచి, ఒళ్లు కాలుతోందేమో చూసినట్టు ఆ చెక్క మీద కాసేపు అరచెయ్యి ఆనించి, వెనక్కి తీసుకున్నారు.