చప్పటి పప్పుచారు

నాకు ఓపిక తక్కువని మా స్కూలు పిల్లలకీ తెలుసు, మా ఇంట్లో వాళ్ళకీ తెలుసు. అన్నం పొయ్యి మీద పెట్టి నిమిషానికోసారి మూత తీసి చూసే రకాన్ని. అలాంటిదాన్ని, ఉప్పు పట్టిపోయిన నేల మళ్ళీ మంచిదయ్యేదాకా రెండు వానాకాలాలు ఆగాను. తల్చుకుంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

ఆ నేల మా పేటది, చర్చి సంఘానికి ఉమ్మడి భూమి. మా మేనత్త పెరటిని ఆనుకునే ఉంటుంది. ఒకప్పుడు వరి పండేది. చుట్టూ అందరూ చెరువులు తవ్విస్తున్న రోజుల్లో మావాళ్ళూ రొయ్యలకి కౌలుకిచ్చేశారు. కౌలుదారు, పోటుకి మురుగు కాలవలోకి ఎగదన్నిన సముద్రపు నీళ్ళు మోటారు పెట్టి తోడాడు, నానా మందులూ పోశాడు. రొయ్యకి వైరస్ తగలగానే చెప్పాపెట్టకుండా సర్దుకుపోయాడు. మాకు మిగిలింది నల్లబురద, మందు డబ్బాలు, ముక్కు మూసుకున్నా ఆగని కంపు. ఎలాగూ పనికిరాని భూమే కదా అని పంచాయతీ ట్రాక్టరు కూడా ఊళ్ళో చెత్తంతా తెచ్చి అక్కడే పోయడం మొదలుపెట్టింది.

వీటన్నిటికంటే నా కడుపు రగిలింది మా అత్త నుయ్యి చూసి. అది మా మావయ్య కూలి నుంచి వచ్చాక సాయంత్రాలు తవ్విన నుయ్యి. అంతకుముందు మా పేట ఆడవాళ్ళు పక్క చేలో రైతుగారి నూతి దగ్గర, ఎవరో ఒకరు తోడి పోసేదాకా బిందెలు పట్టుకుని నిలబడేవారు. దాహమేస్తే దోసిలి పట్టేవారు, పైనుంచి పోసేవారు. అత్త కొత్తకోడలిగా అక్కడ నిలబడింది. అందుకే మెడలో బంగారం లేదని ఆవిడ ఏనాడూ బాధపడలేదు గానీ, పెరట్లో నుయ్యి ఉందని మాత్రం ఒకటే అతిశయం.

చెరువొచ్చాక ఆ నీళ్ళు ఉప్పుకషాయమైపోయాయి. టీలో పాలు విరిగిపోయేవి. పప్పు ఎంత మరిగినా గింజకి గింజే. పెళ్ళికో చావుకో వంట ఎక్కువై ఆ నీళ్ళే వాడాల్సి వస్తే, పేటలో వంటవాళ్ళకి ఒకటే కట్టడి: ఆ నూతి నీళ్ళ వంటకి వేరే ఉప్పు పడదు. అత్త మాత్రం రోజూ వంతెన దగ్గర కొళాయి నుంచి బిందె మోసుకొచ్చుకునేది. మొదట్లో పొద్దున్నే తన నూతి నీళ్ళు నోట్లో పోసుకుని చూసి ఉమ్మేసేది. కొన్నాళ్ళకి చూడ్డం కూడా మానేసింది.

"ఇంక నాకు నుయ్యి లేదనుకో అమ్మాయ్" అంది ఒకరోజు.

ఆ మాటతో నాకు తిక్క రేగింది. ఆ మరుసటి ఆదివారం ఆరాధనలో, పాస్టరుగారు దీవెన ముగించీ ముగించకముందే లేచి నిలబడ్డాను. ఆ నేలని మనమే కడుగుదాం అన్నాను. నేలని కడగడమేమిటి టీచరుగారూ, గిన్నె అనుకున్నారా అని వెనకనుంచి ఎవరో నవ్వారు. గిన్నెలాగే అన్నాను. నాతో రోజూ అమలాపురం బస్సులో వచ్చే వ్యవసాయశాఖ ఉద్యోగి దగ్గర ఆ పద్ధతి అప్పటికే విడిచిపెట్టకుండా అడిగి నేర్చుకున్నాను మరి. కాలవ మంచినీళ్ళు నిండా పెట్టాలి, దమ్ము చేయాలి, ఉప్పు నీళ్ళలోకి దిగాక పాటు సమయం, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, చూసి మురుగు కాలవలోకి వదిలేయాలి. మళ్ళీ పెట్టాలి, మళ్ళీ వదలాలి. ఆ తరవాత పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి, ఏపుగా పెరిగాక నేలలోకే దున్నేయాలి.

అయితే కాలవ నీళ్ళు మా నేలకి రావాలంటే పక్క చేలో రైతుగారి బోదెలోంచే, ఆ పిల్లకాలవలోంచే రావాలి. ఆయన, అత్త నిలబడిన ఆ నూతివారి మనవడు. అడగడానికి నాతో రమ్మంటే అత్త రానంది. ఇంకోసారి వాళ్ళ గడపలో నీళ్ళు అడగనంది. నేనే వెళ్ళాను. ఏం మెలిక పెడతాడో అని దారంతా మనసులోనే పోట్లాట సిద్ధం చేసుకున్నాను. ఆయన, మా చెరువు ఉప్పుకి గట్టు మీద తలలు వాల్చేసిన తన కొబ్బరిచెట్ల వైపు ఒకసారి చూసి, "ఆయ్, పెట్టుకోండి. నేనూ పార పట్టుకొస్తానండి" అన్నారు. సిద్ధం చేసుకున్న పోట్లాట అంతా వృథా అయిపోయింది.

ఇక ఆదివారాలు చూడాలి! ఆరాధన అవగానే అందరూ చెరువులోకే. బ్యాంకులో పనిచేసే అన్నయ్యలు, ఆసుపత్రిలో నర్సులుగా చేసే చెల్లెళ్ళు, ఇస్త్రీ చొక్కాలతో వచ్చి నల్లబురదతో ఇంటికెళ్ళేవారు. డబ్బాలన్నీ ఏరి బస్తాలకెత్తాం. నల్లబురద గీకి ఒక మూలకి చేర్చి, వాన నీళ్ళకి మళ్ళీ జారకుండా చుట్టూ గట్టు వేశాం. కాలవలు వదిలిన రోజు బోదెలోంచి మొదటి నీళ్ళు ఎర్రగా, నురగలు కక్కుకుంటూ మా నేలలోకి దూకుతుంటే నేను చెప్పులు వదిలేసి అడ్డంగా పరిగెత్తాను. యాభై దాటిన టీచరమ్మ అలా పరిగెత్తడం మా పేట చరిత్రలో లేదట.

మొదటి ఏడు జీలుగ అక్కడక్కడా మొలిచి, మిగతాదంతా బోడిగా ఉండిపోయింది. అత్త చూసి పెదవి విరిచింది. నేను ఏడ్చినంత పని చేశాను. రెండో ఏడు మళ్ళీ కడిగాం, మళ్ళీ చల్లాం. ఈసారి నా తల దాటి పెరిగింది! చెత్త ట్రాక్టరు డ్రైవరు గట్టు దాకా వచ్చి, ఆ పచ్చదనం చూసి, ఎవరూ ఏమీ అనకుండానే బండి వెనక్కి తిప్పుకున్నాడు. ఆ వేళ నాకు స్కూలుకెళ్ళే బస్సు తప్పిపోయింది, పోనిమ్మనుకున్నాను.

జీలుగ దున్నేశాక గట్ల వెంబడి కొబ్బరి మొక్కలు నాటడానికి ముహూర్తం కుదిరింది. గోతులు తవ్వించాం. పొద్దున్నే పేటంతా వచ్చింది, రైతుగారూ వచ్చారు. అందరి చేతుల్లోనూ కాగితం పొట్లాలు. ఏమిటా అని ఒకటి విప్పి చూద్దును కదా, ఉప్పు! కొబ్బరి మొక్క నాటేటప్పుడు గోతిలో ఉప్పు వేయడం మావైపు తాతల నాటి అలవాటు.

"రెండేళ్ళబట్టి మనం ఈ నేలలోంచి కడుగుతున్నదేంటండీ?" అని అడిగాను.

అందరూ పొట్లాల వంకా నా వంకా చూశారు. రైతుగారు మొహమాటంగా నవ్వి, "గుప్పెడే కదండీ" అన్నారు. ఇంటికో గుప్పెడు చొప్పున పేటంతా తెచ్చిన ఉప్పది. పొట్టలు పట్టుకుని నవ్వుకున్నాం. పొట్లాలన్నీ అత్త గిన్నెలోకి లాక్కుని తన అరుగు మీద పెట్టేసింది. మొక్కలు ఉప్పు లేకుండానే నాటాం.

మధ్యాహ్నం అత్త పెరట్లోనే అందరికీ భోజనాలు. కొళాయి నీళ్ళు చాలక నూతి నీళ్ళతోనే గుండిగ నిండా పప్పుచారు కాచారు. పప్పు ఇవాళ ఇంత తొందరగా మెదిగిపోయిందేమిటో అని వంటావిడ అనుకుంది. ఆ సందట్లో ఎవరూ పట్టించుకోలేదు. వడ్డన మొదలైంది. మావైపు మర్యాద సంగతి చెప్పాలా, విందులో ఇది బాగాలేదని చచ్చినా అనరు. అందరూ తలొంచుకుని కలుపుకుంటున్నారు, ముద్ద నోట్లో పెట్టుకుని మళ్ళీ కలుపుకుంటున్నారు. చివరికి రైతుగారే గొంతు తగ్గించి, "కాస్త ఉప్పు ఇప్పిస్తారాండీ" అన్నారు.

"పిన్నిగారి నూతి నీళ్ళు కదండీ, అందుకని ఉప్పు వెయ్య..." అంటూ వంటావిడ సగంలో ఆగిపోయింది.

అత్త చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. దాన్ని గుండిగ మూత మీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా నూతి దగ్గరికి నడిచింది. చేద వేసి తోడింది. అరచేతిలో పోసుకుని నోట్లో పెట్టుకుంది. ఆవిడ ఉమ్మలేదు. మింగింది. ఇంకో గుక్క తాగింది, ఇంకోటి తాగింది, పైట చెంగుతో మొహం కప్పుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. అరుగు మీద ఉప్పు గిన్నె తెచ్చి గుండిగలో కుమ్మరించాను. ఎక్కువ వేసి వంటంతా పాడుచేశానని ఇప్పటికీ నన్ను దెప్పుతారు.

తలెత్తి చూసేసరికి రైతుగారు విస్తరి ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని నూతి పక్కకి వచ్చి ఉన్నారు.

"పిన్నిగారూ, నాకూ కాస్త పొయ్యండి" అని వంగి దోసిలి పట్టారు.

అత్త చేద ఎత్తి సన్నటి ధారగా పోసింది. ఆయన తాగుతూనే ఉన్నారు, ఆవిడ పోస్తూనే ఉంది.

"నిదానంగా తాగండి బాబూ. బోలెడున్నాయి" అంది.