మరదలు కుడుతున్న కిడ్నీ

శనివారం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళాలంటే నాకు ఒళ్ళు మండేది. పండగ లేదు, పబ్బం లేదు, మంచు పడినా మానడానికి వీల్లేదు. సీసా అడుగున పరుచుకుని పెరిగే కిడ్నీ కణాలకి ఎర్రటి పోషక ద్రవం వేళకి మార్చకపోతే చచ్చి ఊరుకుంటాయి. ఎడిసన్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసి, "పిల్లలకి పాలు పట్టావా?" అని అడిగేది. నాకింకా పెళ్ళి కాలేదన్న బెంగ కూడా ఆ ప్రశ్నలోనే ఉండేది. నేను పట్టించుకునేదాన్ని కాదు.

అది రెండువేల తొమ్మిదో, పదో. న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో కణాలతో కృత్రిమ కిడ్నీ చేయాలని తంటాలు పడుతున్నాం. డయాలసిస్ మిషన్ ఉత్త జల్లెడ. రక్తంలోని చెడుతో పాటు కొంత మంచినీ బయటికి పోనిస్తుంది. దేన్ని వెనక్కి తీసుకోవాలో బతికున్న కిడ్నీ కణాలకే తెలుసు. వెంట్రుకంత సన్నని గొట్టాల లోపల ఆ కణాల్ని పెంచి, జల్లెడకి జోడించాలన్నది మా ప్రయత్నం. చెప్పడానికి ఇంతే. చేయబోతే ఒక వారం బుద్ధిగా అతుక్కునేవి, మరో వారం పొరలు పొరలుగా ఊడిపోయేవి.

మా బావకి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. బావంటే అక్క మొగుడే కాదు, మా మేనత్త కొడుకు. నా జడ పట్టుకు లాగిన రోజుల నుంచీ బావే. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవాడు. తాగిన నీళ్ళు బయటికి పోవు గనక కొలిచి తాగాలి. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళివ్వడం మా పద్ధతి కదా, అక్క మాత్రం వచ్చినవాళ్ళని వంటింట్లోకి పిలిచి, బావ కంటపడకుండా గ్లాసు చేతికిచ్చేది. బావకి అదంతా తెలుసు. "లోపల మందు పార్టీ నడుస్తోందా?" అని హాల్లోంచి అరిచేవాడు.

వచ్చినవాళ్ళకి నన్ను చూపించి, "నాకేం ఫరవాలేదండీ, మా మరదలు నాకు కొత్త కిడ్నీ కుడుతోంది," అనేవాడు. "నువ్వు పొట్ట తగ్గిస్తే కొలతలు తీసుకుంటా," అనేదాన్ని నేను. బావామరదళ్ళ సరసం కదా, అందరూ నవ్వేవాళ్ళు.

ఆ మాటల్ని బావ నిజంగానే నమ్ముతున్నాడని అక్క ఫోన్ చేసిన రోజు తెలిసింది. కిడ్నీ ఇవ్వడానికి నా బ్లడ్ గ్రూపు కలవలేదు, అక్కది కలిసింది. అక్క టెస్టులన్నీ చేయించుకుని సిద్ధంగా ఉంది. బావేమో ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాడు.

"నీ మిషన్ వచ్చేదాకా వెయిట్ చేస్తాట్టే," అంది అక్క. "నన్ను కోయించడం ఇష్టం లేదుట. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె కూడా వీక్ అవుతోంది, ఇంక లేట్ చేయొద్దని డాక్టర్ చెప్తున్నాడు. నువ్వైనా చెప్పవే."

నాకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే భయం. మా మిషన్ మనిషిదాకా వెళ్ళడానికి ఎన్నేళ్ళు పడుతుందో ల్యాబ్‌లో ఎవరికీ తెలీదు. ఫోన్లో చెబితే బావ నవ్వి తీసిపారేస్తాడు. మా ప్రొఫెసర్‌ని అడిగి, శనివారం బావని నా కార్లో ల్యాబ్‌కి తీసుకెళ్ళాను.

కోటు తొడిగించి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. అదృష్టం కొద్దీ ఆ వారం కణాలు బాగున్నాయి. పరుచుకున్న పొర అక్కడక్కడా ఉబ్బి లేచింది.

"పూరీలు పొంగినట్టున్నాయే," అన్నాడు బావ.

"పైనున్న నీళ్ళని కణాలు కిందికి తోడుతున్నాయి బావా. ఆ నీళ్ళు చేరి పొర లేస్తుంది. కిడ్నీ పని ఇంకా మర్చిపోలేదన్నమాట."

బావ చాలాసేపు కళ్ళు తీయలేదు. తన ఒంట్లో ఆగిపోయిన పని అక్కడ జరుగుతుంటే చూస్తున్నాడు.

"మరింకేం, రెడీ అయిపోయినట్టేగా?" అన్నాడు.

"కాలేదు. ఇవి వచ్చే శనివారం దాకా ఉంటాయో ఊడిపోతాయో నాకే తెలీదు. ఇది నీకు అందదు బావా. నీ తర్వాత ఎవరికైనా అందితే గొప్ప. దీనికోసం కూర్చుంటే నువ్వు పోతావ్."

బావ మొహంలో నవ్వు పోయింది.

"మీ అక్కని కోసి తెచ్చుకోమంటావా? మిషనైతే ఎవరి దగ్గరా ఏదీ తీసుకోనక్కర్లేదనుకున్నానే."

"ఈ కణాలు ఎక్కడివనుకున్నావ్?"

ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు, ఎక్కడో ఫ్యాక్టరీలో పుడతాయనుకుంటారు. నేనే చెప్పాను. "ఎవరో చనిపోతే ఇంట్లోవాళ్ళు కిడ్నీలిచ్చారు. ఇంకొకరికి పెట్టడానికి పనికిరాకపోతే మాకొచ్చాయి. ఆ మనిషెవరో మాకు తెలీదు. ఎవరో ఒకరు ఇవ్వకపోతే ఈ మిషనూ లేదు బావా. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇస్తే తీసుకుంటావ్, అక్క ఇస్తానంటే వద్దంటావా?"

బావ మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగాడు.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో, ఓక్ ట్రీ రోడ్డు సిగ్నల్ దగ్గర, "మీ అక్కకి భయం లేదా?" అని అడిగాడు.

"ఉంది. నువ్వు పోతావని."

సోమవారం బావే ఫోన్ చేసి మళ్ళీ అపాయింట్‌మెంట్ బుక్ చేశాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు అక్క ఒక గదిలో, బావ ఇంకో గదిలో ఉన్నారు. అక్క కళ్ళు పూర్తిగా తెరవకుండానే, "మూత్రం వచ్చిందా?" అంది. బావ గదిలోకి పరిగెత్తాను. మంచం పక్కన వేలాడుతున్న సంచీలోకి లేత పసుపు నీళ్ళు ధారగా దిగుతున్నాయి. ల్యాబ్‌లో గొట్టం చివర ఒక్క చుక్క కోసం కాపలా కాసినదాన్ని, ఆ ధార చూసి అక్కడే ఏడ్చేశాను.

నీళ్ళు బాగా తాగాలని నర్సు పెద్ద గ్లాసు నింపి ఇచ్చింది. బావ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"మీ అక్క తాగిందేమో కనుక్కుని రా," అన్నాడు.

వెళ్ళి అక్కతో చెప్పాను. "వచ్చిందక్కా, బోలెడు. కానీ నువ్వు తాగితేగానీ తాగడుట."

అక్క కుట్ల మీద చెయ్యి అదుముకుని నవ్వి, గ్లాసు ఇమ్మని రెండో చెయ్యి చాచింది.